ఒకే కీ, మూడు లిపులు

తెలుగు పెళ్లి కార్డు మీద మొదటి పంక్తిని ఎవరూ కొత్తగా రాయరు. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. ఆ తర్వాతే చి॥ అనో, చి॥ల॥సౌ॥ అనో పేర్లు మొదలవుతాయి. ఉర్దూ పెళ్లి కార్డు, అంటే షాదీ రుఖా సంగతీ అంతే, పైన బిస్మిల్లా పడ్డాకే మిగతా మాట. పేర్లు, ఫంక్షన్ హాలు, తేదీ మారతాయి గానీ పై పంక్తి ఏ ఇంటి కార్డుకైనా ఒకటే. మారని పంక్తిని ప్రతిసారీ అక్షరం అక్షరం కొట్టడం చేతికి శిక్ష. అందుకని మా డీటీపీ దుకాణంలో ఒక చిన్న స్క్రిప్టు రాసి, ఆ పనికి ఎఫ్8 కీని కేటాయించాం. ముందు తెలుగు పేజీ ఉంటే ఎఫ్8 నొక్కగానే శ్రీరస్తు పడుతుంది. ఉర్దూ పేజీ ఉంటే అదే కీకి బిస్మిల్లా పడుతుంది. కోరెల్‌డ్రాలో ఉన్నామనుకోండి, మా స్క్రిప్టు కలగజేసుకోదు. అక్కడ ఎఫ్8 అంటే మొదటినుంచీ టెక్స్ట్ టూల్. ఒకరి సొత్తు మనకెందుకు?

మొఘల్‌పురా తెలిసినవాళ్లకు ఈ అవసరం వివరించి చెప్పనక్కర్లేదు. చార్మినార్‌కి కూతవేటు దూరం. ఇటు కోట్ల అలీజా, అటు హరిబౌలి, ఇంకాస్త ముందుకు పోతే లాల్ దర్వాజా. ఉర్దూ ఘర్‌లో పుస్తకావిష్కరణ ఉంటే ఆహ్వానపత్రం ఉర్దూలో కావాలి. ఆషాఢం వస్తే సింహవాహిని అమ్మవారి బోనాలకూ, అక్కన్న మాదన్న గుడి ఊరేగింపుకూ ఫ్లెక్సీలు తెలుగులో కావాలి. రంజాన్ ముందు సెహ్రీ, ఇఫ్తార్ వేళల పట్టికలు ఎవరికి వాళ్లు తమ దుకాణం పేరు వేయించుకుని పంచుతారు. బడుల కరపత్రాలు ఇంగ్లిషులో. 2017లో తెలంగాణ అంతటికీ ఉర్దూను రెండో అధికార భాష చేస్తూ శాసనసభ చట్టం చేసింది గానీ, ఈ వీధుల్లో మూడు లిపుల బోర్డులు అంతకు ఎంతో ముందునుంచే ఉన్నాయి. పెద్ద ఆర్డర్లు ఛత్తా బజార్ ప్రెస్సులకు పోతాయి. అక్కడికి పోయే ముందు పేజీ తయారయ్యేది మాలాంటి చిన్న దుకాణాల్లో.

ఒక కంప్యూటర్లోనే ఈ మూడు లిపులూ మూడు రకాలుగా కాపురం చేస్తాయి. తెలుగు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో. పేజ్‌మేకర్ చివరి వెర్షను 2001 నాటిది. అయినా తెలుగు డీటీపీ దాన్ని వదలదు, ఎందుకంటే ఏళ్ల తరబడి చేసిన ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. ఉర్దూ ఇన్‌పేజ్‌లో. ఢిల్లీలోని కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ వాళ్లు 1994లో తెచ్చిన ప్రోగ్రాము అది. దానికి ప్రాణం నూరీ నస్తాలిఖ్ ఫాంటు. మీర్జా అహ్మద్ జమీల్ 1981లో చేసిన ఆ లిపిలో అక్షరాలు విడివిడిగా కాక, వేలకొద్దీ కూడిక రూపాలుగా ఉంటాయి. కాతిబ్ కలం పట్టి రాసినట్టు పదం ఏటవాలుగా కిందికి జారే సొగసు అందుకే వచ్చింది. ఇంగ్లిషు ఎక్కడైనా వస్తుంది, దానికి ఇల్లంటూ లేదు.

ఎఫ్8కి ఈ తెలివినిచ్చింది ఆటోహాట్‌కీ అనే ఉచిత ప్రోగ్రాము. విండోస్ మీద మాత్రమే నడుస్తుంది. దాని పుట్టుక కథ నాకిష్టం. 1999లో జోనథన్ బెన్నెట్ ఆటోఇట్ అనే స్క్రిప్టు భాష తెచ్చాడు. అందులో హాట్‌కీలు కూడా చేర్చుదామని క్రిస్ మాలెట్ ప్రతిపాదిస్తే అటునుంచి ఉలుకూ పలుకూ రాలేదు. ఆయన తన పాటికి తాను రాసుకుని 2003 నవంబరులో విడుదల చేశాడు. తర్వాత స్టీవ్ గ్రే దాన్ని ముందుకు నడిపించాడు. ఇప్పుడు వాడుతున్న రెండో వెర్షను 2022 డిసెంబరులో వచ్చింది.

పాత వెర్షన్లలో ఇఫ్‌విన్‌యాక్టివ్ అని రాసేవాళ్లం, ఇప్పుడు హాట్‌ఇఫ్ అంటున్నాం. ముందు హ్యాష్ గుర్తు, పక్కన ఒక షరతు. ఫలానా విండో ముందుంటేనే అని ఆ పంక్తి రాస్తే, దాని కింద వచ్చే కీలన్నీ ఆ షరతుకు లోబడతాయి, మరో హాట్‌ఇఫ్ పంక్తి వచ్చేదాకా. షరతేమీ పెట్టకుండా ఉత్త హాట్‌ఇఫ్ రాస్తే కట్టు విడిపోయినట్టే, ఆ కింద రాసినవి ఊరందరికీ వర్తిస్తాయి. ఒకే కీకి నాలుగు చోట్ల నాలుగు పనులు రాసుకోవచ్చు. రెండు షరతులు ఒకేసారి నిజమైతే ముందు రాసినదే పలుకుతుంది. షరతు లేనిది అన్నిటికన్నా ఆఖరున, మిగతావేవీ పలకనప్పుడే. అసలు ఏదీ సరిపోకపోతే కీ తన మామూలు పని తాను చేసుకుపోతుంది. కోరెల్‌డ్రాలో ఎఫ్8 చెక్కుచెదరకుండా ఉండేది ఈ చివరి నియమం చలవే. మేము దానికోసం ఒక్క అక్షరమూ రాయలేదు.

వ్యాకరణం ఇంతే, ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తుంది. పనితనమంతా షరతు ఎంచుకోవడంలో ఉంది. ఇప్పుడు మనం ఎక్కడున్నాం అన్న ప్రశ్నకు కంప్యూటరు చాలా జవాబులు ఇవ్వగలదు. ఆటోహాట్‌కీతో పాటు వచ్చే విండో స్పై అనే చిన్న పనిముట్టు తెరిస్తే అవన్నీ వరుసగా కనిపిస్తాయి. విండో పైన రాసి ఉన్న పేరు, దాని క్లాసు, దాన్ని నడిపిస్తున్న ప్రోగ్రాము ఫైలు, మౌసు కింద ఉన్న చిన్న గడి. వీటిలో ఏది నమ్మాలి?

కొత్తగా నేర్చుకునేవాళ్లు పైన కనిపించే పేరునే పట్టుకుంటారు. ఇన్‌పేజ్ అన్న మాట పేరులో ఉంటే ఉర్దూ అనుకో, అని రాస్తారు. రెండో వెర్షను ఆ మాట పేరులో ఎక్కడున్నా సరే ఒప్పుకుంటుంది. ఇక క్రోమ్‌లో ఇన్‌పేజ్ గురించి ఏదో పేజీ తెరిచారా, దాని పేరులోనూ ఆ మాట ఉంటుంది, ఎఫ్8 నొక్కితే అక్కడా బిస్మిల్లా తయారు. ప్రోగ్రాము ఫైలు పేరుతో షరతు పెడితే ఈ గొడవ ఉండదు, ఎందుకంటే క్రోమ్ ఎప్పటికీ క్రోమే, ఇన్‌పేజ్ ఎప్పటికీ ఇన్‌పేజే.

క్లాసు మీద ఆధారపడటం మంచిదే, ఒక్క మినహాయింపుతో. ప్రింటు, సేవ్ లాంటి డబ్బాలు తెరుచుకుంటాయి చూడండి, విండోస్‌లో ఆ మామూలు డైలాగు బాక్సులన్నిటి క్లాసు పేరూ ఒకటే, ముందు హ్యాష్ పెట్టి 32770. పేజ్‌మేకర్ ప్రింటు డబ్బాలో పేజీల అంకెలు నింపే కీ కావాలని ఒక్క 32770నే షరతుగా రాస్తే, ఊళ్లో ఉన్న డబ్బాలన్నీ ఆ కీకి పలుకుతాయి. క్లాసుతో పాటు ప్రోగ్రాము పేరు కూడా కలిపి రాయాలి. మొఘల్‌పురాలో భాయ్ అని పిలిస్తే ఎంతమంది వెనక్కి తిరుగుతారో తెలిసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

ఇంకోటి, విండో ముందుండటం వేరు, ఉండటం వేరు. విన్‌యాక్టివ్ అంటే ఇప్పుడు చేతికింద ఉన్నది. విన్‌ఎగ్జిస్ట్ అంటే ఎక్కడో తెరిచి ఉంటే చాలు, వెనకాల దాగి ఉన్నా సరే. పెళ్లిళ్ల రోజుల్లో మా దగ్గర ఇన్‌పేజ్ పొద్దున తెరిస్తే రాత్రి షట్టరు దించేదాకా మూయరు. రెండో మాట రాసి, ఉర్దూ షరతును ముందు పెట్టుకున్నామంటే తెలుగు కార్డులన్నిటికీ బిస్మిల్లాయే.

ఇదంతా చదివి, ఒక కీకి ఇన్ని అర్థాలు పెట్టడమే తప్పు కదా అని అడిగే మనిషి ఒకడుండాలి. ఉన్నాడు, లారీ టెస్లర్. కట్, కాపీ, పేస్ట్ అని మనం పొద్దస్తమానం చేసే పనిని జెరాక్స్ పార్క్ ప్రయోగశాలలో రూపొందించిన మనిషి. 1970ల నడుమ టిమ్ మాట్‌తో కలిసి జిప్సీ అనే రాత ప్రోగ్రాము చేశాడు. అది చేసింది జిన్ అనే పాఠ్యపుస్తకాల సంస్థ కోసం, అంటే ప్రూఫులు దిద్దేవాళ్ల కోసం, మా వృత్తివాళ్ల కోసమే. ఒకే కీ ఒక స్థితిలో ఒక పని, ఇంకో స్థితిలో ఇంకో పని చేయడం ఆయనకు బొత్తిగా గిట్టదు. స్థితులు వద్దు అన్న అర్థం వచ్చే ఇంగ్లిషు మాటనే కారు నంబరు ప్లేటుగా పెట్టుకుని తిరిగాడు. 2020 ఫిబ్రవరిలో పోయాడు.

ఆయన కోపానికి కారణం లేకపోలేదు. అదే ప్రయోగశాలలో అంతకుముందు బ్రావో అనే ఎడిటరు ఉండేది. అందులో అక్షరాలు కొట్టాలంటే ముందు ఐ నొక్కి రాత స్థితిలోకి పోవాలి. అది మరిచి ఎవరైనా ఎడిట్ అన్న మాటను ఇంగ్లిషులో కొట్టారనుకోండి. ఈ అంటే అంతా ఎంచుకో. డీ అంటే చెరిపెయ్. ఐ అంటే రాత మొదలు. టీ అంటే టీ. నాలుగు అక్షరాల్లో దస్తావేజు మొత్తం పోయి దాని స్థానంలో ఒక్క టీ మిగులుతుంది. ఈ కథ చెప్పినప్పుడల్లా మా ఆపరేటర్లు నవ్వుతారు, నవ్వుతూనే ఫైలు సేవ్ చేసుకుంటారు.

మరి మా ఎఫ్8 కూడా అదే నేరం చేస్తోందా? ఇక్కడ నాకు అండగా దొరికింది జెఫ్ రాస్కిన్. ఆపిల్ మెకింటాష్ పథకాన్ని మొదలుపెట్టిన ఆయన, 2000లో వచ్చిన ది హ్యూమేన్ ఇంటర్‌ఫేస్ పుస్తకంలో ఈ తగువును ఒక మెట్టు ముందుకు తీసుకుపోయాడు. ఆయన లెక్కలో, కీ అర్థం స్థితిని బట్టి మారడం ఒక్కటే ప్రమాదం కాదు. ఆ స్థితి మీద మనిషి ధ్యాస లేనప్పుడే ప్రమాదం. ధ్యాస దాని మీదే ఉంటే అతనికి అది మామూలు పనే. కుడినుంచి ఎడమకు సాగే నస్తాలిఖ్ పేజీ కళ్ల ముందుంటే, నేను ఇన్‌పేజ్‌లో ఉన్నానన్న సంగతి నాకు ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. గుండ్రటి తెలుగక్షరాల పేజీని చూసి ఎవరూ దాన్ని రుఖా అనుకోరు. మూడు లిపులు ఒకదానితో ఒకటి పోలవు, అదే మాకు రక్ష. ఇంగ్లిషు, ఫ్రెంచి పక్కపక్కన చేసే దుకాణానికి ఈ వసతి ఉండదు.

రాస్కిన్ పుణ్యమా అని నాకొక కొలబద్ద దొరికింది. షరతు ఏదైనా సరే, అది స్క్రిప్టుకు ఎంత స్పష్టంగా తెలుస్తుందో నా కంటికీ అంత స్పష్టంగా కనిపించాలి. స్క్రిప్టుకు తెలిసి నాకు తెలియని షరతు ఎంత తెలివైనదైనా నాకొద్దు.

దీని మీదే మా ఉర్దూ పని చూసే తమ్ముడికీ నాకూ పేచీ.

"అన్నా, కీబోర్డు ఏ భాషలో ఉందో స్క్రిప్టే చూసుకుంటే ఐపోతది గదా?" అంటాడు.

"నాకు కనిపిస్తలేదు గద తమ్మీ. నాకు కనిపించంది దానికి తెలిస్తే లాభమేంది?"

అతని మాటలోనూ పస ఉంది. తెలుగు డీటీపీలో కీబోర్డు భాష అన్నది విడి స్థితి. ఫాంటుతో పాటు వచ్చే స్క్రిప్ట్ మేనేజరు వెనకాల ఉండి, తెలుగు ఆన్‌లో ఉంటే మనం కొట్టే కీలను తెలుగు ముక్కల కోడ్లుగా మారుస్తుంది, ఆఫ్‌లో ఉంటే వదిలేస్తుంది. యాపిల్ లేఅవుట్ అలవాటైనవాళ్లు ఒక రకంగా, మాడ్యులర్ అలవాటైనవాళ్లు ఇంకో రకంగా కొడతారు. విండో చూస్తే ఈ సంగతులేవీ తెలియవు. పేజీ అదే, కర్సరు అదే. స్క్రిప్టు ఒక చిరునామాను మామూలు టైపింగులా ఒక్కో కీ చొప్పున పంపితే, తెలుగు ఆన్‌లో ఉన్నప్పుడు మొఘల్‌పురా, హైదరాబాద్ 500002 అన్న ఇంగ్లిషు పంక్తి కాస్తా ఒత్తులూ కొమ్ములూ కలగలిసిన గజిబిజి అవుతుంది.

కాబట్టి మేము ఆ స్థితిని కనిపెట్టే ప్రయత్నం మానేసి, దానితో పనే లేకుండా చేసుకున్నాం. పంక్తిని కొట్టకుండా అతికిస్తాం. స్క్రిప్టు ముందు క్లిప్‌బోర్డులో ఉన్నదాన్ని పక్కన దాస్తుంది, మన పంక్తిని అందులో పెట్టి కంట్రోల్ వీ నొక్కుతుంది, కాసేపు ఆగి, దాచినదాన్ని తిరిగి పెడుతుంది. ఆ కాసేపు ఆగడం ముఖ్యం. తొందరపడి తిరిగి పెట్టేస్తే పేజీలో పడేది పాత సరుకు. తెలుగు పంక్తుల్ని కోడ్ల రూపంలోనే ఒక ఫైల్లో దాచుకుంటాం. ఆ ఫైలు మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే శ్రీరస్తు ఎక్కడా కనిపించదు, ఇంగ్లిషు గుర్తుల చెత్తలా ఉంటుంది. అను ఫాంటు పెడితేనే తెలుగవుతుంది. యూనికోడ్‌లో బిస్మిల్లా పంక్తి మొత్తానికి ఒకే ఒక్క కోడ్ ఉంది, ఒక్క అక్షరంలా పడిపోతుంది. మన శ్రీరస్తుకు అంత భోగం పట్టలేదు.

పేజ్‌మేకర్‌లోనే పెళ్లి కార్డూ, బోనాల కరపత్రమూ రెండూ చేస్తాం. ప్రోగ్రాము ఒకటే, లిపి ఒకటే. కరపత్రం మీద శ్రీరస్తు పెడితే ఎలా? ఇక్కడ పేరు పనికొచ్చింది, విండో పేరు. ఫైలుకు పేరు పెట్టేటప్పుడే ముందు పెళ్లి అనో బోనాలు అనో చేరుస్తున్నాం, ఇంగ్లిషు అక్షరాల్లో. ఆ పేరు విండో పైన కనబడుతుంది. ప్రోగ్రాము పేజ్‌మేకర్ అయి ఉండి, పైన ఆ మాట ఉంటేనే ఆ పంక్తి. ఇంతకుముందు అన్‌టైటిల్డ్ ఒకటి, అన్‌టైటిల్డ్ రెండు అని సగం రోజు గడిపే దుకాణంలో, స్క్రిప్టు మాట వినాలంటే ఫైలుకు పేరు పెట్టి తీరాలన్న క్రమశిక్షణ వచ్చింది. నేను నెలల తరబడి మొత్తుకున్నా రానిది ఒక హాట్‌ఇఫ్ వల్ల వచ్చింది. పేరు లేని ఫైల్లో ఎఫ్8 ఏమీ చేయదు. ఏదో ఒకటి ఊహించి పెట్టే కీ కన్నా ఊరుకునే కీ మేలని నా అభిప్రాయం. ఊరుకుంటే మనిషి పైకి చూస్తాడు, పేరు పెట్టలేదని తెలుస్తుంది. ఊహించి పెట్టింది ప్రింటయ్యాక తెలుస్తుంది.

కొన్నిటికి షార్ట్‌కట్టే అక్కర్లేదు. బిల్లుల ఎక్సెల్‌లో ఈనాటి తేదీ వేసే కీ రాసిపెట్టమని అడిగేవాళ్లుంటారు. కంట్రోల్ పట్టుకుని సెమీకోలన్ నొక్కండి, ఎక్సెల్లో అది ఎప్పటినుంచో ఉంది. ఉన్నదాన్ని మళ్లీ రాయడం స్క్రిప్టు పిచ్చి ముదిరినవాళ్ల లక్షణం. ఇంకొందరు పాత సాఫ్ట్‌వేర్‌ను రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అని తెరుస్తారు, ఆ విండోలోకి పోగానే షార్ట్‌కట్లన్నీ చచ్చిపోయాయని వస్తారు. విస్టా కాలం నుంచి విండోస్ పద్ధతి అది. తక్కువ హోదాలో నడిచే స్క్రిప్టు ఎక్కువ హోదా విండోను ముట్టుకోలేదు. రెంటినీ ఒకే హోదాలో తెరిస్తే సరిపోతుంది.

రంజాన్ పట్టికల దగ్గర ఇంకో రకం చిక్కు. మామూలు తేదీని స్క్రిప్టు చిటికెలో వేస్తుంది. హిజ్రీ తేదీ కూడా వేయమని అడుగుతారు. లెక్క కట్టే సూత్రాలు ఉన్నాయి, రాయడం పెద్ద పని కాదు. కానీ నెల మొదలయ్యేది లెక్కతో కాదు, నెలవంక కనబడితే. రుయత్-ఎ-హిలాల్ కమిటీ రాత్రి కూర్చుని చెప్పేదాకా మర్నాడు ఒకటో రోజా అవునో కాదో ఎవరికీ తెలియదు. స్క్రిప్టుకు మాత్రం ఎలా తెలుస్తుంది? ఆ గడిని ఖాళీగానే ఉంచి, కర్సరును అక్కడ నిలబెట్టి ఆగిపోయేలా రాశాం. మిగతాది మనిషి నింపుతాడు. ఆ రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య మా వీధిలో ఎన్ని దుకాణాలు షట్టర్లు సగం దించి ఫోను కోసం కూర్చుంటాయో.

తమ్ముడు మాత్రం ఒక విషయంలో నన్ను ఒప్పించాడు. రాస్కిన్ పుస్తకంలోనే దానికీ దారి ఉంది. వేలు నొక్కిపెట్టి ఉంచినంతసేపే ఉండే స్థితి ప్రమాదం కాదంటాడాయన, షిఫ్టు కీలాగా. వేలు అక్కడే ఉంది కనుక మరిచిపోయే వీలు లేదు. ఆటోహాట్‌కీలో క్యాప్స్‌లాక్‌ను అలా వాడుకోవచ్చు. అది నొక్కిపెట్టి ఇంకో కీ కొడితే ఒక పని, వదిలేస్తే ఏమీ లేదు. ఉర్దూకు పెద్దక్షరాలు లేవు గనుక ఇన్‌పేజ్‌లో క్యాప్స్‌లాక్ అవసరం తనకు రాదని అతని వాదన. ఫొనెటిక్ కీబోర్డులో అలిఫ్‌కి ఏ, బేకి బీ ఎలాగూ ఉన్నాయి. ఇప్పుడు క్యాప్స్‌లాక్ పట్టుకుని ఎన్ కొడితే నికాహ్ పంక్తి, డబ్ల్యూ కొడితే వలీమా పంక్తి పడేలా రాసుకున్నాడు. షరతు మాత్రం ఇన్‌పేజ్ ముందుంటేనే.

అతని కంప్యూటరు మీద బాగానే నడుస్తోంది. నా దాంట్లో పెట్టనివ్వలేదు. పేజ్‌మేకర్‌లో ఇంగ్లిషు శీర్షికలకు నాకు క్యాప్స్‌లాక్ కావాలి. షరతు ఉంది గదన్నా, నీ పేజ్‌మేకర్ జోలికి రాదు అంటాడు. నిజమే, రాదు. మొన్న అతను సెలవులో ఉంటే రుఖా ఒకటి అర్జంటుగా కావాల్సి వచ్చి అతని సీట్లో కూర్చున్నాను. ఎన్, డబ్ల్యూ రెండూ గుర్తున్నాయి. వధువు తండ్రి పేరు ముందు వేసే జనాబ్ దేనికి పెట్టాడో తెలియక ఫోను చేశాను. "జే అన్నా, ఇంకేముంటది" అన్నాడు.